బిడ్డ పుట్టాక గేమ్స్ మానెయ్యాలా? మానక్కర్లేదు, ఆటలు మార్చుకోవాలి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీ ఆవిడకి ఏడో నెల. మీరు వారానికి 20, 25 గంటలు ఆడతారు. అందులో ఎక్కువ భాగం నలుగురు స్నేహితులతో కలిసి, గెలుపోటములని బట్టి ర్యాంకు మారేలా ఆన్‌లైన్‌లో ఆడే ర్యాంక్‌డ్ మ్యాచ్‌లు. ఆఫీసులో పిల్లలున్న ఒకాయన "ఇక కన్సోల్ అమ్మేసుకో" అన్నాడు. నిజంగా అంతేనా, పిల్లలు పుట్టాక మిగతావాళ్ల ఆట ఎలా మారింది, ముందుగా ఏం సర్దుకోవాలి అని అడిగారు.

నేను ఇద్దరు పిల్లల తల్లిని. పాపకి తొమ్మిదేళ్లు, బాబుకి ఐదు. నేనూ మా ఆయనా ఇద్దరం పెళ్లికి ముందు నుంచీ ఆడుతున్నాం, ఇప్పటికీ ఆడుతున్నాం. హెడ్‌సెట్ పెట్టుకుని కూర్చున్న మనిషి ఎలా ఆలోచిస్తుందో తెలుసు. పక్క గదిలో ఏడ్చే బిడ్డని ఎత్తుకుని తిరుగుతున్న మనిషికి ఆ హెడ్‌సెట్ ఎలా కనిపిస్తుందో కూడా తెలుసు. ఆ రెండు వైపుల నుంచీ చెబుతాను.

సూటిగా జవాబు: కన్సోల్ అమ్మెయ్యకండి. కానీ మొదటి ఏడాది, పది సెకన్లలో వదిలేసి లేవలేని ఆట ఏదీ ఆడకండి. ర్యాంక్‌డ్ మ్యాచ్‌లు అలా వదిలేసి లేవలేనివి కాబట్టి వాటిని పక్కన పెట్టాలి. గంటలు ఎలాగూ తగ్గుతాయి. నాకు మొదటి ఏడాది వారానికి మూడు నాలుగు గంటలు మిగిలాయి. పాపకి మూడేళ్లు వచ్చేసరికి ఆరేడు గంటలు అయ్యాయి. మీకు ఇంతే ఉంటుందని చెప్పను. కానీ 25 గంటలు మాత్రం ఉండవు, ఉండాలని పట్టుబడితే ఆ భారం మీ ఆవిడ మీద పడుతుంది.

ఇక్కడ దాదాపు అందరం ఒక లెక్క తప్పు వేస్తాం. అప్పుడే పుట్టిన బిడ్డ రోజుకి 14 నుంచి 17 గంటలు నిద్రపోతుందని చదివి, అయితే మనకి బోలెడు టైమ్ అనుకుంటాం. నేనూ అనుకున్నాను. ఆ నిద్ర ఒక్క దఫాలో రాదు. తల్లిపాలు తాగే బిడ్డ రోజుకి 8 నుంచి 12 సార్లు తాగుతుంది. ఒక్కోసారి తాగడానికే అరగంట, ముప్పావుగంట పడుతుంది. తర్వాత భుజాన వేసుకుని తేన్పు తెప్పించాలి, డైపర్ మార్చాలి, మళ్లీ జోకొట్టాలి. అంతా అయ్యాక మిగిలేది ఒకసారి గంటన్నర, ఒకసారి ఎనిమిది నిమిషాలు. ఏది దొరుకుతుందో ముందు తెలియదు. గంట దొరకడం పెద్ద కష్టం కాదండీ. దొరికిన గంట గంటసేపూ ఉంటుందన్న భరోసా లేకపోవడమే కష్టం. మీ ఆటల్లో ఏది ఉంచాలో ఏది తీసేయాలో దీన్నిబట్టే తేల్చుకోవాలి.

నా సంగతే చెబుతాను. 2016లో పాప పుట్టినప్పుడు నేను డోటా 2 ఆడేదాన్ని, ఐదుగురి జట్లు రెండు ఆన్‌లైన్‌లో తలపడే ఆట. రెండేళ్లుగా కలిసి ఆడుతున్న ఐదుగురి జట్టు మాది, నాది సపోర్ట్, అంటే మిగతావాళ్లకి సాయపడే పాత్ర. పాపకి ఏడు వారాలు. వరసగా మూడు రాత్రులు తొమ్మిదిన్నరకి పడుకుని పన్నెండు దాకా లేవలేదు. ఆ ధైర్యంతో నాలుగో రాత్రి ఒక్క మ్యాచ్‌కి సరేనన్నాను. మా ఆయనకి ఆ వారం నైట్ డ్యూటీ. సరిగ్గా ముప్పై ఒకటో నిమిషంలో పాప లేచింది. డోటాలో పాజ్ ఉంది గానీ, దాన్ని అవతలి జట్టు వాళ్లు కూడా తీసేయగలరు. మొదటిసారి ఆగారు, రెండోసారి ఆగలేదు. వాళ్ల తప్పేం లేదు, వాళ్లూ ముప్పావుగంట కేటాయించుకుని కూర్చున్నవాళ్లే. ఐదు నిమిషాలకి మించి బయట ఉంటే మ్యాచ్ మధ్యలో వదిలేసినట్టు లెక్క, దానికి శిక్ష వేరే ఉంటుంది.

పాపని తెచ్చి ఒళ్లో వేసుకున్నాను. తల నా ఎడమ మోచేతి మీద, నా కుడి చేయి మౌస్ మీద. తాగుతూ తాగుతూ మధ్యలో ఆగి నా ముఖంలోకి చూసింది. ఆ వయసు పిల్లలు అప్పుడప్పుడే మన కళ్లలోకి చూడటం మొదలుపెడతారు. నేను మినీమ్యాప్ చూస్తున్నాను. అది చూస్తోందని తెలుసు, కంటి చివర నుంచి కనిపిస్తూనే ఉంది, అయినా తల తిప్పలేదు. మ్యాచ్ గెలిచాం. జట్టులో ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. ఆ రాత్రే వాళ్లకి మెసేజ్ పెట్టాను, నన్ను ఆరు నెలలు లెక్కలోంచి తీసేయండి అని.

గేమింగ్ చెడ్డదని దానర్థం కాదు. నలుగురు మనుషులు నా మీద ఆధారపడిన సమయంలోనే ఐదో మనిషికి కూడా నేను కావలసివచ్చింది. ఆ రెండు మాటలూ ఒకేసారి ఇవ్వకూడదు. ఇచ్చాక ఎవరో ఒకరికి అన్యాయం చేయక తప్పదు.

ఏ ఆట పనికొస్తుందో పరీక్షించే పద్ధతి

ఆట మంచిదా, ఎంత పెద్దది, ఎంత కష్టం అన్నవి తర్వాత సంగతులు. ముందు చూడాల్సింది మూడు విషయాలు. ఎక్కడంటే అక్కడ ఆగుతుందా? ఆపినచోటే మళ్లీ మొదలవుతుందా? నేను లేచి వెళ్తే ఇంకో మనిషికి నష్టమా?

టర్న్‌ల వారీగా నడిచే ఆటలు మూడింటిలోనూ నెగ్గుతాయి. బాబు పుట్టినప్పుడు, 2020లో, నన్ను నిలబెట్టింది స్లే ద స్పైర్. కార్డులతో ఆడే ఆట. చేతిలో పట్టుకుని ఆడే నింటెండో స్విచ్‌లో టచ్‌స్క్రీన్ మీద ఒంటి చేత్తో ఆడొచ్చు. మీ వంతు వచ్చినప్పుడు మీరు గంట ఆలోచించినా అది కదలదు. అర్ధరాత్రి రెండు గంటలకి వాడు తాగుతూ తాగుతూ నా మీదే నిద్రపోయేవాడు. వెంటనే మంచం మీద వేస్తే లేచిపోతాడు, ఇరవై నిమిషాలు కదలకుండా కూర్చోవాలి. సౌండ్ పూర్తిగా తీసేసి, వెలుతురు అట్టడుగుకి దించి, స్క్రీన్ వాడి వీపు వెనక పక్క ఉండేలా పెట్టుకుని ఆడేదాన్ని. ఆ ఇరవై నిమిషాలూ నావి. వాడిని ఆ కారణంగా ఒక్క నిమిషం ముందు దించలేదు. అదే నాకు మనశ్శాంతినిచ్చింది.

హేడీస్ కూడా బాగా పనిచేసింది. ఒక్కో ప్రయత్నం అరగంట అటూ ఇటూ, మధ్యలో వదిలి వెళ్లినా ఆ గది మొదటి నుంచి మళ్లీ అందుకోవచ్చు. బలాట్రో అనే కార్డుల ఆట అప్పటికి లేదు, 2024లో వచ్చింది. ఉండి ఉంటే అదే ఆడేదాన్నేమో.

వ్యవసాయం చేసుకునే ఆట స్టార్డ్యూ వ్యాలీ గురించి ఒక హెచ్చరిక. "ప్రశాంతమైన ఆట, తల్లిదండ్రులకి సరిగ్గా సరిపోతుంది" అని అందరూ చెబుతారు. కంప్యూటర్‌లో, కన్సోల్‌లో అది సేవ్ అయ్యేది ఆటలో రోజు ముగిసి పడుకున్నప్పుడే. ఆ రోజు మన గడియారంలో దాదాపు 14 నిమిషాలు. పదకొండో నిమిషంలో ఏడుపు వినిపిస్తే, పాజ్ చేసి వెళ్లొచ్చు గానీ, కంప్యూటర్ ఆపేయాల్సి వస్తే రోజంతా పోతుంది. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. కానీ "ఒక్క నిమిషం, ఈ రోజు అయిపోనీ" అన్న మాట ఇంట్లో మొదలయ్యేది ఇలాంటిచోటే.

చాలా కష్టమైన ఆటగా పేరున్న ఎల్డెన్ రింగ్‌లో మామూలు పాజ్ బటనే లేదు, ఒంటరిగా ఆడుతున్నా సరే. ఆట నుంచి బయటికి వచ్చేస్తే ఉన్నచోటు సేవ్ అవుతుంది. కానీ బాస్ ఫైట్, అంటే పెద్ద శత్రువుతో పోరు, మధ్యలో వస్తే ఆ ఫైట్ మళ్లీ మొదటి నుంచే. అదే సంస్థ 2019లో తెచ్చిన సెకిరోలో మాత్రం పాజ్ ఉంది. కష్టమైన ఆటలంటే మీకు ఇష్టమైతే ఈ తేడా మీకు పనికొస్తుంది.

మెషీన్ కూడా సాయం చేస్తుంది. స్విచ్‌లో, అలాంటిదే అయిన స్టీమ్ డెక్‌లో పవర్ బటన్ ఒక్కసారి నొక్కితే ఆట ఉన్నపళంగా నిద్రలోకి వెళ్తుంది, మళ్లీ నొక్కితే అదే అడుగు దగ్గర లేస్తుంది. ప్లేస్టేషన్ 5లో రెస్ట్ మోడ్, ఎక్స్‌బాక్స్ సిరీస్ కన్సోళ్లలో క్విక్ రెజ్యూమ్ అదే పని చేస్తాయి. క్విక్ రెజ్యూమ్ ఒకేసారి రెండు మూడు ఆటల్ని కూడా పట్టి ఉంచుతుంది. కానీ ఇవేవీ ఆన్‌లైన్ మ్యాచ్‌ని ఆపలేవు, సర్వర్ మీ కోసం ఆగదు కదా. మీకు ఏదైనా కొనాలని ఉంటే, పెద్ద గ్రాఫిక్స్ కార్డు కన్నా చేతిలో పట్టుకుని ఆడే మెషీన్ ఈ రెండేళ్లూ ఎక్కువ వాడతారు. టీవీ ఉన్న గదిలో పడుకోబెట్టిన బిడ్డ ఉంటుంది మరి.

మీకు పోటీ ఆట లేనిదే తోచదంటే రాకెట్ లీగ్ లాంటిది చూడండి. మ్యాచ్ గడియారం ఐదు నిమిషాలే. స్కోరు సమమైతే ఓవర్‌టైమ్‌కి హద్దు లేదు గానీ, సాధారణంగా పది నిమిషాల్లో తేలిపోతుంది. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ లాంటి జట్టు షూటింగ్ ఆటల్లో 13 రౌండ్లు గెలవాలి, అంటే అరగంట నుంచి ముప్పావుగంట. మొదటి ఆరు నెలలు అంత గ్యారంటీ ఎవరికీ ఇవ్వలేరు.

హెడ్‌సెట్ సంగతి

ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి, మిగతావి మర్చిపోయినా ఫర్వాలేదు. మీరు రెండు చెవులకీ హెడ్‌సెట్ పెట్టుకున్న క్షణం నుంచి బిడ్డని వినే బాధ్యత మొత్తం మీ ఆవిడదే. ఆవిడ స్నానం చేస్తున్నా, నిద్రపోతున్నా ఆవిడ చెవులే పనిచేయాలి. మీరు ఇంట్లోనే ఉంటారు, సోఫాలోనే ఉంటారు, "నేను ఇక్కడే ఉన్నానుగా" అనుకుంటారు. ఆవిడ లెక్కలో మీరు లేరు. మా ఇంట్లో మొదటి పెద్ద గొడవ దీని మీదే వచ్చింది. మా ఆయన ఆ రోజు ఆడింది నలభై నిమిషాలే. నాకు కోపం వచ్చింది ఆ నలభై నిమిషాల గురించి కాదు. ఆ సేపంతా నేను కళ్లు మూసుకున్నా చెవులు మూసుకోలేకపోయాను.

అప్పటి నుంచి మా ఇంట్లో ఒక పద్ధతి. బిడ్డని చూసుకునే వంతు ఎవరిదైతే వాళ్లు హెడ్‌సెట్ పెట్టుకోకూడదు, పెట్టుకున్నా ఒక చెవికే. హెడ్‌సెట్ పెట్టుకునేముందు "ఇప్పుడు నీ వంతు" అని పైకి చెప్పాలి, అవతలి మనిషి "సరే" అనాలి. ఊహించుకోకూడదు. చాలా చిన్న నియమం. మాకు మాత్రం మిగతా అన్ని ఒప్పందాలకన్నా ఇదే ఎక్కువ పనిచేసింది.

ఇంకో మాట. మీకు దొరికే ఖాళీ గంటలు ఎన్నో, ఆవిడకీ అన్నే దొరకాలి. ఆవిడ గేమ్స్ ఆడకపోవచ్చు. నిద్రపోతుందో, బయట నడిచి వస్తుందో, ఫోన్ మాట్లాడుకుంటుందో ఆవిడ ఇష్టం. కానీ ఆ గంటలో బిడ్డ బాధ్యత పూర్తిగా మీది అయి ఉండాలి. "నేను అంట్లు తోమాను కాబట్టి రెండు గంటలు ఆడతాను" అన్న లెక్క నిలవదు. అంట్లు తోమడం ఇంటి పని, దానికి ప్రతిఫలం ఉండదు. ప్రసవం తర్వాత మొదటి ఆరు వారాలైతే గంటల సమానత్వం కూడా అడగకండి. ఆవిడ శరీరం కోలుకుంటూ ఉంటుంది. ఆ వారాల్లో మీకు ఖాళీ దొరికితే పడుకోండి, ఆవిడని పడుకోనివ్వండి.

నిద్ర అమ్ముకుని ఆడకండి

ఇది నా రెండో పెద్ద తప్పు. పాపకి ఏడాది నిండాక రాత్రి పదికి పడుకోవడం అలవాటైంది. రోజంతా ఆఫీసుకి, పాపకి, ఇంటికి ఇచ్చేశాను, ఈ పది తర్వాత టైమ్ నాది అన్న కసి పట్టుకుంది. పడుకోవాలని తెలుసు, అయినా ఒంటిగంట దాకా ఆడేదాన్ని. ఆ ఆటలో సంతోషం కూడా సగమే, కళ్లు మూతలు పడుతూ మెనూల్లో తిరిగేదాన్ని. పొద్దున్న ఆరింటికి పాప "అమ్మా" అని లేపితే చిరాకు పడేదాన్ని. ఏడాది పిల్ల, నిద్ర లేవగానే నవ్వుతూ పిలిస్తే విసుక్కున్నాను. ఇలా మూడు నెలలు సాగింది.

దాన్నుంచి బయటపడింది మనోబలంతో కాదు. వారానికి రెండు రోజులు, మంగళవారం, శుక్రవారం, సాయంత్రం ఏడున్నర నుంచి తొమ్మిది దాకా నా వంతు అని ఇద్దరం రాసుకున్నాం. బుధ, శనివారాలు మా ఆయనవి. రాబోయే టైమ్ ఖాయమని తెలిశాక అర్ధరాత్రి దొంగిలించాల్సిన అవసరం పోయింది. అలసిపోయి ఆడే మూడు గంటలకన్నా మెలకువగా ఆడే గంటన్నర మేలు. మీరూ దీన్ని ముందు నుంచే పెట్టుకోండి. మొదటి నాలుగైదు నెలలు ఏ టైమ్‌టేబులూ నిలవదు, ఆ తర్వాత నిలుస్తుంది.

పెద్ద ఆటల గురించి కూడా ఇక్కడే చెప్పాలి. విచర్ 3 ముఖ్య కథే దాదాపు 50 గంటలు. వారానికి మూడు గంటలంటే నాలుగు నెలలు. నాలుగు నెలలు ఒకే ఆట ఆడటంలో తప్పేం లేదు, నాకు ఇప్పుడు అలా ఆడటమే ఇష్టం. చిక్కంతా మధ్యలో బిడ్డకి జ్వరం వచ్చి మూడు వారాలు ఆగితే వస్తుంది. తిరిగొచ్చి చూస్తే ఏ బటన్ ఏం చేస్తుందో గుర్తుండదు, ఎక్కడికి వెళ్తున్నానో గుర్తుండదు. నేను ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకున్నాను. ఆపేముందు ఒక్క లైన్ రాస్తాను: "ఉత్తరం వైపు గ్రామం, కమ్మరితో మాట్లాడాలి, కవచం రిపేరు." అంతే. అలాగే కష్టం స్థాయి ఈజీలో పెట్టుకోవడానికి మొహమాటపడకండి. సెలెస్ట్‌లో అసిస్ట్ మోడ్ అని ఉంటుంది, ఆట వేగాన్ని సగానికి తగ్గించుకోవచ్చు. చేసినవాళ్లే ఆ వెసులుబాటు ఇచ్చారు, వాడుకోండి.

రోజూ లాగిన్ అవ్వమని, సీజన్ అయ్యేలోపు పాస్ (ఆడేకొద్దీ బహుమతులిచ్చే జాబితా) పూర్తి చేయమని వెంటపడే ఆటలు మాత్రం తీసేయండి. ఆ టెన్షన్ మీకు ఇప్పుడు అక్కర్లేదు. గడువు ముగియని పాస్‌లున్న ఆటలూ ఉన్నాయి, హేలో ఇన్ఫినిట్ అలాంటిదే. సేల్‌లో కొని పడేయడం కూడా ఆపండి. ఒకటి పూర్తయ్యాకే ఇంకోటి.

మీ ర్యాంకు పడిపోతుంది. దీన్ని దాచి చెప్పడం నాకిష్టం లేదు. ఆరు నెలల తర్వాత నేను తిరిగి వెళ్తే ఆట మారిపోయింది, చేతి వేగం పోయింది, నా స్థానంలో వచ్చినామె నాకన్నా బాగా ఆడుతోంది. చాలా బాధేసింది. రెండేళ్లు కష్టపడి నేర్చుకున్న విద్య అది. "ఆటే కదా" అని తీసిపారేసే మాట ఎవరైనా అంటే పట్టించుకోకండి, బాధ నిజమైనదే. కానీ వేగం పోవడం వయసు వల్ల కన్నా అభ్యాసం తగ్గడం వల్లే ఎక్కువ. పాపకి నాలుగేళ్లు వచ్చాక మళ్లీ కొంతకాలం క్రమంగా ఆడితే చాలావరకు తిరిగొచ్చింది. జట్టు స్నేహం మాత్రం మధ్యలో పోలేదు. పదిహేను రోజులకొకసారి ఆదివారం మధ్యాహ్నం గంటసేపు మాట్లాడుకుంటూ, గెలుపోటములు లెక్కలేని ఏదో ఒక ఆట ఆడేవాళ్లం. నేను మధ్యలో లేచి వెళ్లినా ఎవరికీ ఇబ్బంది లేని ఆట. చెప్పకుండా మాయమైపోకండి, అంతే.

ఆడుతున్నది ఇష్టంతోనా, తప్పించుకోవడానికా

ఇది రాయాలా వద్దా అని ఆలోచించి, మా ఆయనని అడిగి రాస్తున్నాను. బాబు పుట్టిన మూడో నెలలో ఆయన ఫోన్‌లో ఒక పజిల్ గేమ్ పట్టుకున్నారు. అంతకుముందు దాన్ని ముట్టుకోనే లేదు. బాత్రూమ్‌లో, కారులో, బాబు పక్కన పడుకుని, ఎప్పుడూ అదే. గెలిచినా ముఖంలో మార్పు లేదు. నేను మొదట గేమ్ మీద కోప్పడ్డాను. ఫోన్ లాక్కున్నాను కూడా. లాక్కుంటే ఆయన పోట్లాడలేదు, గోడ వైపు తిరిగి పడుకున్నారు. అప్పుడు భయమేసింది. డాక్టర్ దగ్గరికి వెళ్లాం. డిప్రెషన్ అన్నారు. బిడ్డ పుట్టాక తల్లికి వచ్చినట్టే తండ్రికీ రావచ్చని నాకు అప్పటిదాకా తెలియదు. చికిత్సకి కొన్ని నెలలు పట్టింది, ఆ గేమ్ దానంతటదే పోయింది. ఇప్పుడు ఆయన ఆడితే పక్క గదికి నవ్వులు వినిపిస్తాయి.

కాబట్టి ఎక్కువ ఆడటం ఒక్కటే చూసి తీర్పు చెప్పకండి, మీ గురించి గానీ ఆవిడ గురించి గానీ. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల జాబితా ఐసీడీ-11లో, అది 2022 నుంచి అమల్లోకి వచ్చింది, గేమింగ్ డిసార్డర్ అని ఒక రోగంగానే చేర్చారు. అందులో కూడా గంటల లెక్క లేదు. ఆటమీద అదుపు పోవడం, మిగతా అన్నిటికన్నా అదే ముఖ్యమైపోవడం, నష్టం జరుగుతున్నా ఆపలేకపోవడం, ఇవి సాధారణంగా ఏడాదిపాటు కనిపించడం, ఇవీ గుర్తులు. మీకు ఇందులో ఏదైనా తగులుతుంటే, లేదా ఆడుతున్నా ఏ రుచీ తెలియట్లేదంటే, డాక్టర్‌తో మాట్లాడండి. ఏడాది నిండేదాకా ఆగక్కర్లేదు.

పిల్లలు, స్క్రీన్

రెండేళ్లలోపు పిల్లలకి స్క్రీన్ వద్దని, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకి రోజుకి గంట మించకూడదని, తగ్గితే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మేం బిడ్డ మెలకువగా ఉన్న గదిలో టీవీలో ఆడటం మానేశాం. కాల్పులు, రక్తం ఉన్న ఆటలు వాళ్లు పడుకున్నాకే. డబ్బా మీద ఉండే పెగీ అంకె (ఏ వయసు నుంచి ఆడొచ్చో చెప్పే యూరప్ రేటింగ్), 3, 7, 12, 16, 18, మీరు ఆడుతుంటే పక్కన కూర్చుని చూసే బిడ్డకీ వర్తిస్తుందని గుర్తుంచుకోండి.

పాపకి మూడున్నర అప్పుడు, నేను ఆడుతుంటే తనకీ కావాలని ఏడిస్తే, ఆన్ చేయని కంట్రోలర్ చేతిలో పెట్టాను. చాలామంది చెప్పే చిట్కా ఇది. రెండు రోజులు మురిసిపోయింది. మూడో రోజు నా కంట్రోలర్ మీద వెలుగుతున్న లైటు చూసింది, తనది తిప్పి చూసుకుంది. "అమ్మా, నాది వెలగట్లేదు" అంది. ఆ గొంతు ఇంకా గుర్తుంది. ఆ చిట్కా మళ్లీ వాడలేదు, బాబుకి అసలు వాడలేదు. వాడికి నాలుగేళ్లు వచ్చేదాకా ఆగి మారియో కార్ట్ 8 డీలక్స్ ఇచ్చాం. అందులో స్మార్ట్ స్టీరింగ్, ఆటో యాక్సెలరేట్ అని రెండు సెట్టింగ్‌లు ఉన్నాయి. అవి పెడితే కారు తనంతట తాను ముందుకి పోతుంది, రోడ్డు దాటి పడదు. పిల్లాడు తిప్పినంత తిప్పుతాడు, నిజంగానే ఆడుతున్నాడు, నిజంగానే పన్నెండో స్థానంలో వస్తాడు. అదే చాలు వాడికి.

పాప ఇప్పుడు మైన్‌క్రాఫ్ట్ ఆడుతుంది, శత్రువులు రాని పీస్‌ఫుల్ స్థాయిలో. శనివారం పొద్దున్న గంటసేపు నేనూ తన పక్కన స్ప్లిట్ స్క్రీన్‌లో ఉంటాను. తను ఇల్లు కడుతుంది, నన్ను రాళ్లు తెమ్మంటుంది. తెస్తాను. సపోర్ట్ ఆడిన అనుభవం అక్కడ బాగా పనికొస్తోంది. ఇది మీకు చాలా దూరంలో ఉంది కాబట్టి ఇక్కడితో ఆపుతున్నాను. ఆ వయసు వచ్చాక కొనుగోళ్లకి పాస్‌వర్డ్ పెట్టడం మాత్రం మర్చిపోకండి.

మీరిద్దరూ కలిసి ఆడే ఆట ఒకటి ఉంటే బాగుంటుంది. 2021లో వచ్చిన ఇట్ టేక్స్ టూ ఇద్దరు లేనిదే నడవదు. మామూలుగా పన్నెండు, పద్నాలుగు గంటల ఆట, మేం పూర్తి చేయడానికి ఐదు నెలలు పట్టింది. ఆడినవన్నీ బాబు నిద్రపోయాక అరగంట, ముప్పావుగంట ముక్కలే.

ఇక ప్రసవం లోపు మీరు చేయాల్సింది. ఈ వారమే మీ జట్టుకి చెప్పండి, తేదీతో సహా. మీ చోట ఇంకొకర్ని వెతుక్కోవడానికి వాళ్లకి టైమ్ కావాలి. ఆడాలనుకున్న మ్యాచ్‌లు వచ్చే ఎనిమిదో నెలలో తృప్తిగా ఆడేయండి, మీ ఆవిడ సరేనంటే. హెడ్‌సెట్ విషయం, వంతుల విషయం ఇప్పుడే ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. నిద్ర లేని మూడో వారంలో ఆ మాటలు మాట్లాడుకోలేరు. 37 వారాలు నిండిన రోజు నుంచి ర్యాంక్‌డ్ ఆపేయండి, డాక్టర్ ఇచ్చిన తేదీ దాకా ఆగకండి. మా బాబు ఆ తేదీకి 17 రోజుల ముందే వచ్చాడు, రాత్రి పదకొండింటికి. ఆ టైమ్‌కి మా ఆయన ఆడుతున్నది పాజ్ ఉన్న ఆట.